మొదటి వారంలో తగ్గేది కొవ్వా, నీరా?

ఉత్తర ఢిల్లీలోని ఛత్రసాల్ స్టేడియంలో కుస్తీ నేర్చుకున్న అమన్ సెహ్రావత్ 2024 ఆగస్టులో పారిస్ ఒలింపిక్స్‌లో 57 కిలోల విభాగంలో కాంస్య పతకం గెలిచాడు. సెమీఫైనల్ ముగిశాక అతని బరువు 61.5 కిలోలు. మర్నాటి పొద్దున తూకంలో అది 57 కిలోలు దాటకూడదు. ఆ రాత్రి అతనికి నిద్ర లేదు. మ్యాట్ మీద కుస్తీ, ట్రెడ్‌మిల్ మీద పరుగు, ఆవిరి గదిలో చెమట. సుమారు 10 గంటల్లో 4.6 కిలోలు తగ్గి 56.9 దగ్గరికి చేరాడు. అంతకు రెండు రోజుల ముందే హర్యానాలోని బలాలీ గ్రామానికి చెందిన వినేశ్ ఫోగట్ కూడా రాత్రంతా అలాగే కష్టపడింది. బరువు తగ్గించడానికి జుట్టు సైతం కత్తిరించారు. అయినా 50 కిలోల విభాగంలో ఫైనల్ రోజు 100 గ్రాములు ఎక్కువ తూగి పతకానికి దూరమైంది.

ఒక్క రాత్రిలో తగ్గిన ఆ 4.6 కిలోలు ఏమిటి? కొవ్వు అయ్యే అవకాశం లేదు. మన ఒంట్లోని ఒక కిలో కొవ్వు కణజాలం కరగాలంటే దాదాపు 7,700 కిలో కేలరీలు ఖర్చు కావాలి. ఆ లెక్కన 4.6 కిలోలకు 35,000 కిలో కేలరీలకు పైగా కావాలి. రోజుకు 2,000 ఖర్చు చేసే మామూలు మనిషికి అది 17 రోజుల పైచిలుకు శక్తి. పది గంటల్లో ఎంతటి మల్లయోధుడైనా అంత ఖర్చు చేయలేడు. తగ్గింది దాదాపు అంతా నీరే.

మల్లయోధుల విషయంలో ఇది అందరికీ అర్థమవుతుంది. అమన్ సన్నబడ్డాడని గానీ, ఆరోగ్యవంతుడయ్యాడని గానీ ఎవరూ అనలేదు. కానీ అదే ఢిల్లీలోనో, గురుగ్రామ్‌లోనో, నోయిడాలోనో ఒకరు కొత్త డైట్ మొదలుపెట్టి వారంలో మూడు కిలోలు తగ్గితే మాత్రం మన లెక్క మారిపోతుంది. "డైట్ పనిచేస్తోంది, కొవ్వు కరుగుతోంది" అని సంబరపడతాం. ఆ సంబరంలోనే ఒక కొలత పొరపాటు ఉంది. మొదటి వారం తూకాన్ని బట్టి ఒక ఆహార పద్ధతిని మంచిదనడం గానీ, చెడ్డదనడం గానీ సరికాదన్నది ఈ వ్యాసం చెప్పదలచుకున్న మాట.

ఇది చిన్న విషయం ఎందుకు కాదు?

2019-21లో జరిగిన అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఢిల్లీలో 41.3 శాతం మహిళలు, 38 శాతం పురుషులు ఉండాల్సిన దానికన్నా ఎక్కువ బరువున్నారు. ఆంధ్రప్రదేశ్‌లో ఆ అంకెలు 36.3, 31.1 శాతం. అంటే బరువు తగ్గాలనుకునేవారు ప్రతి వీధిలోనూ ఉన్నారు, వారికి తొందరగా తగ్గిస్తామని చెప్పేవారూ ఉన్నారు. పెళ్లిళ్ల సీజన్ వస్తే చాలు, రాజధాని ప్రాంతంలో జిమ్‌లు, డైట్ క్లినిక్‌లు, సామాజిక మాధ్యమాల్లోని సలహాదారులు "పది రోజుల్లో ఇన్ని కిలోలు" అంటూ పోటీ పడతారు. తెలుగువారికీ ఇది కొత్త కాదు. 2018 ప్రాంతంలో పిండి పదార్థాలు దాదాపు మానేసి కొవ్వు ఎక్కువగా తీసుకునే వీరమాచనేని ఆహార విధానం తెలుగు రాష్ట్రాల్లో ఇంటింటా చర్చ అయింది. ఎవరెన్ని రోజుల్లో ఎంత తగ్గారన్నదే అప్పట్లో ప్రధానంగా వినిపించిన మాట.

పిండి పదార్థాలు మానేసిన ఎవరికైనా మొదట్లో బరువు త్వరగా తగ్గడం సహజమే. దానికి కారణం శరీర ధర్మంలోనే ఉంది.

ఒంట్లో జరిగేది ఇదీ

మనం తిన్న అన్నం, రొట్టెల్లోని పిండి పదార్థం గ్లూకోజ్‌గా మారుతుంది. వెంటనే అవసరం లేని గ్లూకోజ్‌లో కొంత భాగాన్ని శరీరం గ్లైకోజెన్ రూపంలో దాచుకుంటుంది. కాలేయంలో సుమారు 100 గ్రాములు, కండరాల్లో సుమారు 400 గ్రాములు ఉంటుంది. గ్లైకోజెన్ పొడిగా ఉండదు. ప్రతి గ్రాము తనతో పాటు దాదాపు 3 గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. తిండి తగ్గించినప్పుడు, అందులోనూ పిండి పదార్థాలు తగ్గించినప్పుడు, శరీరం ముందుగా ఈ నిల్వను వాడుకుంటుంది. 500 గ్రాముల గ్లైకోజెన్, దానితో ఉన్న కిలోన్నర నీరు కలిపి రెండు కిలోలు. అది తరిగిపోవడానికి కొద్ది రోజులు చాలు.

దీనికి మరో రెండు కారణాలు తోడవుతాయి. పిండి పదార్థాలు తగ్గితే రక్తంలో ఇన్సులిన్ తగ్గుతుంది. ఇన్సులిన్ చేసే పనుల్లో మూత్రపిండాల్లో ఉప్పును నిలిపి ఉంచడం ఒకటి. అది తగ్గగానే ఉప్పు, దానితో పాటు నీరు మూత్రంలో బయటకు పోతాయి. ఇక తినేదే తగ్గినప్పుడు పేగుల్లో ఉండే ఆహారం, వ్యర్థాల బరువు కూడా తగ్గుతుంది. ఇవేవీ కొవ్వు కావు. కానీ తూకం యంత్రానికి ఆ తేడా తెలియదు.

ఇప్పుడు కొవ్వు లెక్క చూద్దాం. రోజుకు 2,000 కిలో కేలరీలు అవసరమైన వ్యక్తి 1,200తో సరిపెట్టుకుంటే రోజుకు 800 లోటు. వారానికి 5,600. అంటే కరిగే కొవ్వు ముప్పావు కిలో లోపే. వారంలో మూడు కిలోల కొవ్వు కరగాలంటే 23,100 కిలో కేలరీల లోటు కావాలి. ఆ వ్యక్తి వారం రోజులు ఒక్క మెతుకు ముట్టకపోయినా మిగిలేది 14,000 మాత్రమే. కాబట్టి వారంలో మూడు కిలోలు తగ్గిన మామూలు మనిషిలో రెండు కిలోలకు పైగా కొవ్వు కానిదే పోయి ఉంటుంది. దీనికి పరికరాలు అక్కర్లేదు, కూడికలు, గుణకారాలు చాలు.

ఈ సంగతిని ప్రయోగంలోనూ చూశారు. 1976లో యాంగ్, వాన్ ఇటాలీ అనే అమెరికా పరిశోధకులు స్థూలకాయులకు రోజుకు 800 కిలో కేలరీలే ఇచ్చి, రెండు రకాల ఆహారాలను పది రోజుల చొప్పున పోల్చారు. ఒకటి పిండి పదార్థాలు బాగా తక్కువ ఉన్న కీటోజెనిక్ ఆహారం. రెండోది అన్నీ కలిసిన మామూలు ఆహారం. మొదటి దానితో రోజుకు సుమారు 467 గ్రాములు, రెండో దానితో 278 గ్రాములు తగ్గారు. తూకాన్ని నమ్మితే కీటో ఘనవిజయం సాధించినట్లే. కానీ తగ్గిన బరువు ఏమిటో విడదీసి చూస్తే, కీటోలో 61 శాతం నీరు, 35 శాతం కొవ్వు. మామూలు ఆహారంలో 37 శాతం నీరు, 59.5 శాతం కొవ్వు. గ్రాముల్లో చెబితే రెండింటిలోనూ రోజుకు కరిగిన కొవ్వు దాదాపు 165 గ్రాములే. తూకంలో కనిపించిన ఆధిక్యం అంతా నీటిదే.

అయితే ప్రమాదమా?

ఆరోగ్యంగా ఉన్న వ్యక్తికి మొదటి వారంలో ఒకటి రెండు కిలోల నీరు తగ్గడం వల్ల పెద్దగా నష్టం లేదు. కానీ డైట్ మొదలుపెట్టేవారంతా ఆరోగ్యవంతులు కారు. చాలామంది డైట్ మొదలుపెట్టేదే మధుమేహమో, రక్తపోటో బయటపడ్డాక. వారికి మొదటి రోజులే కీలకం.

రక్తపోటు మాత్రలు, ముఖ్యంగా మూత్రం ఎక్కువగా పోయేలా చేసే మందులు వాడేవారిలో ఉప్పూ నీరూ ఒక్కసారిగా తగ్గితే రక్తపోటు పడిపోయి, లేచి నిలబడగానే కళ్లు తిరగవచ్చు. మే, జూన్ నెలల్లో ఉష్ణోగ్రత 45 డిగ్రీలకు చేరే ఢిల్లీ ఎండలో ఇది మరింత తొందరగా జరుగుతుంది. ఇన్సులిన్, సల్ఫొనైల్‌యూరియా రకం మాత్రలు వాడే మధుమేహ రోగులు పాత మోతాదులోనే మందు వేసుకుంటూ తిండి సగానికి తగ్గిస్తే చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది. గ్లిఫ్లోజిన్ రకం మాత్రలు వాడుతూ పిండి పదార్థాలు పూర్తిగా మానేస్తే రక్తంలో కీటోన్లు పేరుకుని, రక్తం ఆమ్లంగా మారే కీటోఅసిడోసిస్ వచ్చే ముప్పు ఉంది. ఇవన్నీ వైద్యుడు ముందుగానే మోతాదు సరిచేస్తే నివారించగలిగినవే. వీడియో చూసి సొంతంగా మొదలుపెట్టేవారికి ఆ అవకాశం ఉండదు.

మొదటి వారం ఊపును నిలబెట్టుకోవాలని తిండిని ఇంకా ఇంకా తగ్గించుకుంటూ పోతే రెండు నష్టాలు ఎదురవుతాయి. రెండూ మన దేశానికి ప్రత్యేకంగా వర్తించేవే.

మొదటిది కండరాలు. భారతీయుల్లో ఒకే బరువుకు, ఒకే ఎత్తుకు కండరం తక్కువ, కొవ్వు ఎక్కువ. పుణెకు చెందిన వైద్య పరిశోధకుడు చిత్తరంజన్ యాజ్ఞిక్, బ్రిటన్‌కు చెందిన జాన్ యుడ్కిన్ 2004లో లాన్సెట్ పత్రికలో తమ ఇద్దరి ఫోటోనే ఇందుకు ఉదాహరణగా ప్రచురించారు. ఇద్దరి బీఎంఐ 22.3. కానీ యుడ్కిన్ ఒంట్లో కొవ్వు 9.1 శాతం, యాజ్ఞిక్ ఒంట్లో 21.2 శాతం. భోజనం తర్వాత రక్తంలోని చక్కెరలో పెద్ద భాగాన్ని పీల్చుకునేది కండరాలే. అసలే తక్కువగా ఉన్న ఆ కండరాలను పండ్ల రసాలు, సూపులతో గడిపే డైట్‌లో ప్రొటీన్ అందక పోగొట్టుకుంటే, తగ్గిన బరువు తిరిగి వచ్చేటప్పుడు చాలా వరకు కొవ్వుగానే వస్తుంది. తూకం పాతదే, ఒంటి నిర్మాణం మాత్రం మునుపటికన్నా అధ్వానం.

రెండోది పిత్తాశయం. కొవ్వు వేగంగా కరిగేటప్పుడు కాలేయం పైత్యరసంలోకి ఎక్కువ కొలెస్టరాల్‌ను వదులుతుంది. తిండిలో కొవ్వు మరీ తక్కువైతే పిత్తాశయం సరిగా ముడుచుకోదు, పైత్యరసం నిలిచిపోతుంది. ఆ నిలిచిన రసంలో రాళ్లు ఏర్పడతాయి. వారానికి కిలోన్నరకు మించి తగ్గేవారిలో ఈ ముప్పు బాగా పెరుగుతుంది. దక్షిణాదితో పోలిస్తే ఉత్తర భారతంలో పిత్తాశయ రాళ్లు మొదటి నుంచీ ఎక్కువ. కాబట్టి ఢిల్లీలో డైట్ సలహా ఇచ్చేవారు ఈ మాట చెప్పి తీరాలి. చెప్పేవారు తక్కువ.

వేగం మరీ హద్దు దాటితే ఏమవుతుందో చరిత్రలో ఉంది. 1976-77లో అమెరికాలో ద్రవ ప్రొటీన్ డైట్ ఒక ఊపు ఊపింది. కొల్లాజెన్ నుంచి తీసిన నాసిరకం ప్రొటీన్ ద్రవం తప్ప మరేమీ తీసుకోకుండా కొందరు నెలల తరబడి గడిపారు. వారిలో అరవైకి దగ్గరగా మరణాలు నమోదయ్యాయి. చాలామందిలో గుండె లయ తప్పింది.

నాణేనికి రెండో వైపు

ఇంతవరకు చదివి "వేగంగా తగ్గడం చెడు, నిదానంగా తగ్గడం మంచి" అనే నిర్ణయానికి వస్తే అదీ పొరపాటే. శాస్త్రం అంత సూటిగా చెప్పడం లేదు.

త్వరగా తగ్గినవారు త్వరగా పెరుగుతారని మనం తరచూ వింటాం. ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో 200 మందిపై చేసి 2014లో ప్రచురించిన అధ్యయనం దీన్ని పరీక్షించింది. ఒక బృందం రోజుకు 450 నుంచి 800 కిలో కేలరీల ఆహారంతో 12 వారాల్లో, రెండో బృందం 36 వారాల్లో నిదానంగా బరువు తగ్గాలి. 12.5 శాతం తగ్గాలన్న లక్ష్యాన్ని వేగం బృందంలో 81 శాతం, నిదానం బృందంలో 50 శాతం అందుకున్నారు. ఆ తర్వాత 144 వారాలు గడిచేసరికి రెండు బృందాలూ తగ్గిన బరువులో ఇంచుమించు 71 శాతం తిరిగి పెరిగాయి. తేడా లేదు. నిదానం తనంతట తానే రక్షణ కవచం కాదని దీన్నిబట్టి తెలుస్తోంది.

బ్రిటన్‌లో 306 మంది టైప్-2 మధుమేహ రోగులతో జరిగిన డైరెక్ట్ అధ్యయనం మరో అడుగు ముందుకు వేసింది. రోజుకు దాదాపు 850 కిలో కేలరీల ప్రత్యేక ఆహారాన్ని 3 నుంచి 5 నెలలు ఇస్తే, ఏడాది తర్వాత ఆ బృందంలో 46 శాతం మందికి మందులు లేకుండానే మధుమేహం అదుపులోకి వచ్చింది. మామూలు చికిత్స పొందిన బృందంలో అది 4 శాతం. అమెరికాలో జరిగిన లుక్ అహెడ్ అధ్యయనంలోనూ మొదటి రెండు నెలల్లో ఎక్కువ తగ్గినవారే ఎనిమిదేళ్ల తర్వాత కూడా ఎక్కువగా తగ్గి ఉన్నారు.

అయితే ఈ అధ్యయనాల్లో ఏముందో, మన వీధి చివర ప్రకటనల్లో ఏం లేదో గమనించాలి. అక్కడ ఆహారంలో ప్రొటీన్, విటమిన్లు, లవణాలు లెక్క ప్రకారం ఉన్నాయి. మందుల మోతాదు వైద్యులు చూసుకున్నారు. మామూలు తిండికి తిరిగి వచ్చే దశకు ప్రణాళిక ఉంది. ఫలితాన్ని పది రోజుల్లో కాదు, ఏళ్ల తరబడి కొలిచారు. వైద్య పర్యవేక్షణ లేని మనలాంటి వారికి హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ ఆహార మార్గదర్శకాలు చెప్పే హద్దే మేలు. వారానికి అర కిలో తగ్గడం సురక్షితం. బరువు తగ్గించే ఆహారం రోజుకు 1,000 కిలో కేలరీల కన్నా తక్కువ ఉండకూడదు. పోషకాలన్నీ అందులో ఉండాలి.

రెండో వారం నిరాశ

మొదటి వారం తూకాన్ని నమ్మడం వల్ల జరిగే పెద్ద నష్టం నా దృష్టిలో వేరే ఉంది. నీరు ఒకసారే తగ్గుతుంది. రెండో వారం నుంచి తూకంలో కనిపించేది చాలా వరకు అసలు కొవ్వు, అంటే వారానికి అర కిలో, ముప్పావు కిలో. మూడు కిలోలు చూసిన కంటికి అది ఓటమిలా కనిపిస్తుంది. నిజానికి అసలు పని మొదలైన ఆ వారంలోనే చాలామంది "ఇక పనిచేయడం లేదు" అని వదిలేస్తారు, లేదా ఇంకా కఠినమైన డైట్ వెతుక్కుంటారు.

తిరిగి పెరగడం కూడా అంతే. పెళ్లి భోజనంలో పప్పన్నం, బొబ్బట్లు తిన్న మర్నాడు కిలోన్నర పెరిగితే అది కొవ్వు కాదు. కిలోన్నర కొవ్వు చేరాలంటే అవసరానికి మించి 11,500 కిలో కేలరీలు తినాలి. ఒక్క విందులో అది సాధ్యం కాదు. గ్లైకోజెన్, దాని నీరు తిరిగి నిండాయి, అంతే. ఈ సంగతి తెలియక ఒక్క భోజనానికి అపరాధ భావంతో మరుసటి రోజంతా పస్తులుండేవారు ఎందరో.

ఏం చేయాలి?

పాఠకులుగా మనం చేయగలిగినవి కష్టమైనవేమీ కావు. మొదటి రెండు వారాల తూకాన్ని లెక్కలోకి తీసుకోకుండా, నాలుగో వారం నుంచి వారపు సగటును చూడాలి. తూకంతో పాటు టేపు వాడాలి. చివరి పక్కటెముకకు, తుంటి ఎముకకు మధ్య నడుము చుట్టుకొలత భారతీయ పురుషుల్లో 90, మహిళల్లో 80 సెంటీమీటర్ల లోపు ఉండాలి. నీరు తగ్గితే తూకం మారుతుంది, నడుము మాత్రం పొట్ట కొవ్వు తగ్గితేనే నిలకడగా తగ్గుతుంది. ప్రతి పూటా పప్పు, పెరుగు, గుడ్డు, చేప వంటి వాటిలో ఒకటి ఉండాలి, వారంలో కొన్ని రోజులైనా కండరాలకు పని చెప్పే వ్యాయామం చేయాలి. మందులు వాడేవారు డైట్ మొదలుపెట్టే ముందే వైద్యుణ్ణి కలవాలి, కళ్లు తిరిగాక కాదు.

కానీ భారమంతా వ్యక్తుల మీద వేయడం న్యాయం కాదు. స్థూలకాయాన్ని నయం చేస్తామని మందులకు ప్రకటనలివ్వడాన్ని మన దేశం 1954 నాటి మందులు, మాయా చికిత్సల అభ్యంతరకర ప్రకటనల చట్టంలోనే నిషేధించింది. ఆహార పదార్థాల ప్రకటనలపై 2018లో, తప్పుదోవ పట్టించే ప్రకటనలపై 2022లో నిబంధనలు వచ్చాయి. మందూ కాని, ఆహారమూ కాని డైట్ ప్యాకేజీ మాత్రం వారంలో ఇన్ని కిలోలని ధీమాగా చెప్పుకుంటోంది. అందులోని అంకె అబద్ధం కాకపోవచ్చు కూడా. నిజంగానే తగ్గుతారు, నీరు తగ్గుతుంది. నిజమైన అంకెతో తప్పుడు నమ్మకం కలిగించడమే ఇక్కడి చిక్కు.

నెల రోజుల లోపు ఫలితాన్ని చూపే ఏ ప్రకటన అయినా "మొదట తగ్గే బరువులో ఎక్కువ భాగం నీరు" అని అదే పరిమాణం అక్షరాల్లో చెప్పాలని, ఏడాది తర్వాత తన ఖాతాదారుల్లో ఎందరు తగ్గిన బరువును నిలుపుకున్నారో వెల్లడించాలని వినియోగదారుల వ్యవహారాల శాఖ నిబంధన తేవాలి. మ్యూచువల్ ఫండ్ ప్రకటనలో నష్టభయం గురించి చెప్పించగలిగిన దేశానికి ఇది అసాధ్యం కాదు.

తొలి రోజుల్లో బరువు వేగంగా తగ్గడం ఆరోగ్యమా అని అడిగితే, అది ఆరోగ్యానికీ అనారోగ్యానికీ గుర్తు కాదన్నదే సూటి జవాబు. ఎంత తగ్గారని కాకుండా ఏం తగ్గిందని, ఎన్ని రోజుల్లో అని కాకుండా ఎన్నేళ్లు నిలిచిందని అడిగితే డైట్ విలువ తేలుతుంది. ఆ రెండు ప్రశ్నలకు జవాబు చెప్పలేని క్లినిక్‌కు డబ్బు కట్టనక్కర్లేదు.